స్టాఫ్ కమిటీలో చేరిన మేనకోడలికి

అనంతపురం

చి. అమ్మలూ,

మీ సంస్థలో కొత్తగా వేసిన స్టాఫ్ కమిటీకి నిన్ను కన్వీనరుగా పెట్టారని ఫోన్లో చెప్తుంటే నీ గొంతులో సంతోషం, బెదురు సగంసగం వినిపించాయి. నువ్వు పంపిన జాబితా చూశాను. పుట్టినరోజు కేకులు, నెలకో శనివారం ఆటలు, సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఏడాదికో పిక్నిక్. అన్నీ మంచివే, ఎవరో ఒకరు ఎలాగూ చేస్తారు. కమిటీలో ఉన్నవాళ్లంతా హెడ్డాఫీసు వాళ్లే కావడం మాత్రం నాకు నచ్చలేదు. మండలాల్లో తిరిగే ఆర్గనైజర్లేరీ? జీపు డ్రైవరేడీ? శిక్షణ కేంద్రంలో వంట చేసే ఆవిడేదీ? ఆఫీసు తీరు ఎలా ఉందో తెలిసేది వాళ్లకి.

స్వచ్ఛంద సంస్థల్లో కంపెనీల్లో లేని చిక్కు ఒకటుంది. "మనం చేసేది సేవ కదమ్మా" అనే మాట. టీఏ బిల్లు మూడు నెలలు రాకపోయినా ఎవరికీ నోరు రాదు. కూలికి పోయే ఆడవాళ్ల మధ్య పనిచేస్తూ నా పెట్రోలు డబ్బులేవని అడిగితే ఏం బాగుంటుందని ఊరుకుంటారు. ఆదివారం డోనరు వస్తున్నాడంటే ఇంట్లో బిడ్డకు జ్వరమున్నా బయల్దేరతారు. ప్రాజెక్టు మార్చితో అయిపోతుందని అందరికీ తెలుసు, ఏప్రిల్లో ఎవరి ఉద్యోగం ఉంటుందో మాత్రం ఆఖరి వారం దాకా ఎవరూ చెప్పరు. దుర్మార్గులు నడిపితే ఇలా అవుతుందనుకోకు. మంచివాళ్లు నడిపే చోటే ఫిర్యాదు చేయడం మరీ కష్టం. పెద్దాయన జీతం తీసుకోకుండా చేస్తుంటే నాకు రావాల్సింది ఇవ్వండని ఎలా అడుగుతారు? ఆ మొహమాటాన్ని కాస్త కరిగించగలిగితే చాలు, మీ కమిటీ పని చేసినట్టే.

సంఘం నడపడం ఎలాగో వేరే ట్రైనింగు అక్కర్లేదు. పొదుపు సంఘాల మహిళలకు పంచసూత్రాలు ఊరూరా తిరిగి చెప్పేది మనవాళ్లే కదా. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ. పొదుపూ అప్పులూ మీకు వద్దులే. సమావేశం, పుస్తకం, ఈ రెంటినీ గట్టిగా పట్టుకో. నెలలో ఒకే తేదీ. డైరెక్టరు గారికి తీరిక లేదని వాయిదా వేయొద్దు, ఆయన లేకుండానే జరగాలి. మినిట్స్ అక్కడే రాసి, అక్కడే చదివి వినిపించాలి. పోయిన నెల అడిగినదాంట్లో ఏమైంది, ఏం కాలేదు అన్నదే ఈ నెల మొదటి అంశం. ఆ పుస్తకం ఆర్నెల్లు నిలబడితే మనుషులు దాన్ని నమ్మడం మొదలుపెడతారు. కన్వీనరు పదవి ఏడాదికోసారి మారాలని ఇప్పుడే రాసుకోండి. నీ పదవికి నేనే ఎసరు పెడుతున్నాననుకోకు.

ఇంకో ముఖ్యమైన విషయం. మీ కమిటీ వేరు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ వేరు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులోనూ అది ఉండాలి. పై హోదాలో ఉన్న మహిళ అధ్యక్షురాలిగా, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో, మొత్తంలో కనీసం సగం మంది ఆడవాళ్లు. ఆ పేర్లు ఫీల్డు ఆఫీసు గోడ మీద ఉన్నాయా లేవా చూడు. ఆ చట్టానికి దారి వేసింది 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. దాని వెనకున్నది రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో సాథిన్‌గా పనిచేసిన భన్వరీ దేవి. 1992లో ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆమె చేసింది ఊళ్లో తిరిగే పనే, మీ ఆర్గనైజర్లు చేసే పనిలాంటిదే. ఈ చట్టాన్ని పాటించడంలో మన సంస్థలే వెనకబడితే అంతకన్నా సిగ్గు ఉండదు. అలాంటి ఫిర్యాదు మీ సమావేశంలో బయటికొస్తే అక్కడ చర్చ పెట్టకండి. ఆమెకు తోడుగా వెళ్లి ఆ కమిటీకి రాసివ్వడం వరకే మీ పని. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి, అది గుర్తుంచుకో.

డబ్బులు లేవని డైరెక్టరు గారంటే నమ్ము. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. అప్పటినుంచి చాలా సంస్థల్లో హెడ్డాఫీసు ఖర్చు మీద చేయి బిగుసుకుంది. అందుకే ముందు ఖర్చు లేనివి అడగండి. టీఏ బిల్లు ఫలానా తేదీకి ఇచ్చేస్తామని ఒక మాట. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో నెలన్నర ముందు ఒక ఉత్తరం. ఆదివారం పని చేయించుకుంటే ఆ వారంలోనే బదులు సెలవు. జీతం పెంపు లాంటి పెద్ద బేరాలు మీవల్ల తేలవు. ఆ సంగతి సభ్యులకు ముందే చెప్పెయ్. ఆశ పెట్టి తర్వాత మొహం చాటేస్తే కమిటీ పరువు పోతుంది.

డైరెక్టరు గారు నిన్ను పిలిచి "ఎవరన్నారమ్మా ఈ మాట?" అని ఆప్యాయంగా అడుగుతారు. పేరు చెప్పకు. "కమిటీ అంది సార్" అను. ఒక్కసారి పేరు పైకి పోయిందంటే వచ్చే నెల అందరూ టీ తాగి లేచిపోతారు.

మొదటి సమావేశం హెడ్డాఫీసులో కాదు, కదిరి ఆఫీసులో పెట్టు. పొద్దున పూట పెట్టు, మారుమూల మండలాల వాళ్లు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. రానుపోను చార్జీలు ఆ రోజే చేతికివ్వమని అకౌంట్సులో ముందే చెప్పి ఉంచు.

ఇట్లు,
నీ మేనత్త