మిషనరీ సర్జన్ – ఒక జీవిత మార్గం

సైన్సు విద్యార్థులలో డాక్టరు కావాలనుకునేవారు చాలామంది. ఎవరికి డాక్టరు కావాలి అంటే మాత్రం జవాబు సులభంగా రాదు. ఆ ప్రశ్నతోనే చదువు మొదలుపెట్టేవాడు మిషనరీ సర్జన్. తెలుగువారికి ఈ మార్గం కొత్తేమీ కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. అయితే ఈ వృత్తికి ఏమేమి కావాలో డాక్టర్ పాల్ బ్రాండ్ జీవితం చక్కగా చెబుతుంది.

ఆయన 1914లో తమిళదేశంలో మిషనరీ దంపతులకు పుట్టి, కొల్లి కొండలలో చిన్నతనం గడిపారు. మిషనరీ పనికి పనికొస్తుందని ఇంగ్లండులో ముందు తాపీపని, వడ్రంగం నేర్చారు. ఆ తరువాతే లండనులో వైద్యం చదివి సర్జన్ అయ్యారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు.

మరుసటి ఏడు చెంగల్పట్టులో, వేళ్ళు కొంకర్లు పోయిన ఒక కుష్ఠురోగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఎంతో గట్టిగా ఉంది! అంటే కండరాలన్నీ చావలేదన్నమాట.

కారణం ఏమిటో చూద్దాం. కుష్ఠు సూక్ష్మజీవి శరీరంలో చల్లగా ఉండే చోట్ల పెరుగుతుంది. మోచేతి దగ్గర అల్నార్ నరం చర్మానికి చేరువగా పోతుంది గనుక అక్కడ దెబ్బతింటుంది. దానితో అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడతాయి. ముంజేతి కండరాలు చాలావరకు బాగానే ఉంటాయి. బ్రాండ్ అలాంటి మంచి కండరపు టెండాన్‌ను దారి మళ్ళించి వేళ్ళకు కుట్టారు. ఒక బోదె పూడిపోతే పక్క కాలువ నుంచి గండి కొట్టి చేనుకు నీరు పెట్టుకోవడం మా రైతులకు తెలిసిన పనే. ఇదీ అటువంటిదే.

వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోవని కూడా ఆయన చూపించారు. నొప్పి తెలియదు కనుక కాలినా, తెగినా, రాత్రి ఎలుక కొరికినా రోగి గమనించడు. ఆ పుండ్లే వేళ్ళను తినేస్తాయి.

అయితే చెయ్యి బాగుపడినవాడికి కొత్త చిక్కు వచ్చింది. పని ఎవరూ ఇవ్వరు, చెయ్యి బాగుంది గనుక బిచ్చమూ దొరకదు. అందుకే బ్రాండ్ వేలూరులో నవజీవన కేంద్రం పెట్టి వాళ్ళకు వడ్రంగం నేర్పించారు. ఒకప్పుడు తాను నేర్చిన పని అక్కడ అక్కరకొచ్చింది.

ఎం.బి.బి.యస్.కు ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నర ఏళ్ళు, సర్జరీలో ఎం.యస్.కు మరో మూడేళ్ళు పడుతుంది. ఈనాడు మందులు కుష్ఠును నయం చేస్తున్నా, చచ్చిన నరాన్ని బతికించలేవు. కనుక అటువంటి సర్జన్ల అవసరం తీరలేదు. మిత్రులారా! కత్తి పట్టడం కాలేజీలో నేర్పుతారు. కుట్లు విప్పిన తరువాత రోగి ఎలా బతుకుతాడో ఆలోచించడం మాత్రం మనమే నేర్చుకోవాలి.