ఐరోపా పటం - మీకెంత తెలుసు?



నేను ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి వరకు చదివాను. ఇప్పుడు సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే, నాకు ఒక మార్కు పోగొట్టిన అట్లాసు గుర్తుకొచ్చింది.

మా రోజుల్లో గది మొత్తానికి ఒకటే అట్లాసు. సీనియర్ల చేతులు మారి చివరికి నా ట్రంకు పెట్టెలోకి చేరింది. దానికి అట్టా లేదు, మొదటి పేజీ లేదు. రాత్రి స్టడీ అవర్లో దాన్ని ముందేసుకుని ఐరోపా రాజధానులన్నీ బట్టీ పట్టాను. 1999లో ఒక ఉద్యోగ పరీక్షలో ‘ప్రాగ్ ఏ దేశ రాజధాని?’ అని అడిగారు. నేను నేర్చుకున్న జవాబు చెకొస్లొవేకియా. ఇచ్చిన నాలుగింటిలో ఆ పేరు లేదు. తోక కలిసింది కదా అని స్లొవేకియాకు టిక్కు పెట్టాను. ఆ ఉద్యోగం ఒక్క మార్కులో పోయింది. ఆ దేశం ఆరేళ్ల కిందటే రెండు ముక్కలైందని తర్వాత తెలిసింది. అట్లాసు ఎప్పుడు అచ్చయిందో చెప్పేది చిరిగిపోయిన ఆ మొదటి పేజీయే.

నాకు జరిగినట్టు మీకు జరగకూడదు. కింద పది ప్రశ్నలున్నాయి. ఒక్కోదానికి ఒక మార్కు. జవాబుల మీద కాగితం అడ్డం పెట్టి ముందు మీరు రాయండి.

ప్రశ్నలు

1. ఐరోపాను ఆసియా నుంచి వేరు చేసే ముఖ్యమైన పర్వతాలు ఏవి?
2. ఐరోపాలో అతి పొడవైన నది ఏది? ఎందులో కలుస్తుంది?
3. నాలుగు దేశాల రాజధానులను తాకుతూ పారే నది ఏది?
4. ఐరోపాలో ఎత్తైన శిఖరం ఏది?
5. చుట్టూ ఇటలీయే ఉన్న రెండు స్వతంత్ర దేశాలు ఏవి?
6. స్విట్జర్లాండ్ రాజధాని జెనీవానా, జూరిచ్‌నా?
7. ఉత్తర ధ్రువానికి అంత దగ్గరున్నా నార్వే పడమటి తీరంలో సముద్రం ఎందుకు గడ్డకట్టదు?
8. సముద్ర మట్టం కన్నా పల్లంలో చాలా భూమి ఉన్న దేశం ఏది?
9. ప్రాగ్, బ్రాటిస్లావా ఏయే దేశాల రాజధానులు?
10. నార్వే, స్విట్జర్లాండ్, ఐర్లాండ్, బ్రిటన్ - వీటిలో ఐరోపా సమాఖ్య సభ్యదేశం ఏది?

జవాబులు - వివరణ

1. యూరల్ పర్వతాలు. ఐరోపా, ఆసియాలు ఒకే భూఖండం మీద ఉన్నాయి, మధ్యలో మహాసముద్రం లేదు. యూరల్ పర్వతాలు, యూరల్ నది, కాస్పియన్ సముద్రం, కాకసస్ పర్వతాలు, నల్ల సముద్రం, బాస్పరస్ జలసంధి వరుసగా హద్దుగా లెక్కిస్తారు. కనుకనే రష్యా, టర్కీ రెండు ఖండాల్లోనూ ఉన్నాయి.

2. వోల్గా. పొడవు సుమారు 3,530 కి.మీ. కాస్పియన్ సముద్రంలో కలుస్తుంది. నల్ల సముద్రం అని రాసేవారు ఎక్కువ. అందులో కలిసేది డాన్యూబ్.

3. డాన్యూబ్. జర్మనీలో పుట్టి సుమారు 2,850 కి.మీ. ప్రవహిస్తుంది. 10 దేశాలను తాకుతుంది. రాజధానులు వరుసగా వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్. ‘ఒక వి, మూడు బ’ అని గుర్తుపెట్టుకోండి.

4. ఎల్‌బ్రస్, 5,642 మీటర్లు. రష్యాలో కాకసస్ పర్వతాల్లో ఉంది. ఆల్ప్స్‌లో ఎత్తైనది మాంట్ బ్లాంక్, సుమారు 4,806 మీటర్లు. ప్రశ్నలో ‘ఆల్ప్స్’ అన్న మాట ఉందో లేదో చూసి జవాబు రాయాలి.

5. వాటికన్ నగరం, శాన్ మారినో. వాటికన్ ప్రపంచంలోనే అతి చిన్న దేశం. అర చదరపు కిలోమీటరు కూడా ఉండదు.

6. రెండూ కావు, బెర్న్. బాగా పేరున్న ఊరే రాజధాని అనుకుంటే ఇలాగే పొరపాటు పడతాం. టర్కీకి కూడా ఇస్తాంబుల్ కాదు, అంకారా రాజధాని.

7. గల్ఫ్ ఉష్ణ ప్రవాహానికి కొనసాగింపైన ఉత్తర అట్లాంటిక్ ప్రవాహం వల్ల. ఐరోపా ప్రధాన భూభాగమంతా మన శ్రీనగర్‌కు ఉత్తరానే ఉంది. నార్వేలోని హామర్‌ఫెస్ట్ అయితే 70 డిగ్రీల అక్షాంశం దాటి ఉంది. అయినా అక్కడి రేవు చలికాలంలో కూడా తెరిచే ఉంటుంది. ఆ వెచ్చని నీటి మీదుగా పశ్చిమ పవనాలు తీరానికి వేడిని మోసుకొస్తాయి. అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున, కెనడాలోని లాబ్రడార్ తీరం బ్రిటన్ ఉన్న అక్షాంశాల్లోనే ఉన్నా, శీతల ప్రవాహం వల్ల అక్కడ సముద్రం గడ్డకడుతుంది. అక్షాంశం ఒక్కటే శీతోష్ణస్థితిని నిర్ణయించదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

8. నెదర్లాండ్స్. దేశంలో సుమారు నాలుగో వంతు సముద్ర మట్టానికి కిందనే ఉంది. కరకట్టలు కట్టి, లోపలి నీటిని తోడి సాగుభూమి చేసుకున్నారు. అలాంటి భూముల్ని పోల్డర్లు అంటారు. పూర్వం నీరు తోడింది గాలిమరలు, ఇప్పుడు పంపులు. 1932లో 32 కి.మీ. కట్ట కట్టి సముద్రపు పాయనే మంచినీటి సరస్సుగా మార్చారు. మన దేశంలో కేరళలోని కుట్టనాడులో కూడా సముద్ర మట్టం కన్నా పల్లంలో వరి పండిస్తారు.

9. ప్రాగ్ చెక్ రిపబ్లిక్‌కు, బ్రాటిస్లావా స్లొవేకియాకు రాజధానులు. 1993 జనవరి 1న చెకొస్లొవేకియా ఈ రెండుగా విడిపోయింది. 2016 నుంచి చెక్ రిపబ్లిక్‌కు చెకియా అనే పొట్టి పేరు కూడా ఉంది. ఈ ఒక్క మార్పే కాదు. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. 1991లో సోవియట్ యూనియన్ 15 దేశాలుగా విడిపోయింది. అదే ఏడు నుంచి యుగొస్లావియా ముక్కలవుతూ వచ్చింది. 2006లో మాంటెనెగ్రో వేరైంది. 2019లో మాసిడోనియా పేరు ఉత్తర మాసిడోనియా అయింది.

10. ఐర్లాండ్. నార్వే, స్విట్జర్లాండ్ చేరలేదు. బ్రిటన్ 2020 జనవరి 31న బయటికి వచ్చింది. ఇప్పుడు సభ్యదేశాలు 27. పాత గైడ్లలో 28 అని ఉంటే కొట్టేసి దిద్దుకోండి.

8 పైన వస్తే చాలా బాగు. 5 నుంచి 7 వస్తే పటం ముందు ఇంకొన్నాళ్లు కూర్చోవాలి. అంతకన్నా తగ్గినా దిగులు పడకండి. మొదటిసారి నాకైతే నాలుగే వచ్చేవి.

చివరగా ఒక మాట. కొనుక్కునే స్తోమత లేక మనకు పాత పుస్తకాలే దొరుకుతాయి. అందులో నామోషీ ఏమీ లేదు. నదులు, కొండలు, ప్రవాహాల గురించి పాత అట్లాసు కూడా చక్కగానే చెబుతుంది. దేశాల పేర్లు, సరిహద్దులు, రాజధానులు మాత్రం మారుతుంటాయి. కాబట్టి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు అచ్చయిన సంవత్సరం చూడండి. అది లేకపోతే ఐరోపా పేజీ తీసి చెకొస్లొవేకియా ఉందేమో వెతకండి. ఉంటే పక్కన పెన్సిలుతో ‘1993లో విడిపోయింది’ అని రాయండి. మీ తర్వాత ఆ పుస్తకం ఇంకో తమ్ముడి పెట్టెలోకి వెళుతుంది. వాడికి ఆ మార్కు పోకూడదు.

మీ అన్న,
పూర్వ విద్యార్థి