స్పారింగ్‌లో గెలవాలని చూడకండి

ప్రశ్న: బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. బ్యాగ్ మీద పంచ్‌లు బాగానే పడతాయి. స్పారింగ్‌కి దిగితే మాత్రం అన్నీ మర్చిపోతున్నాను. రౌండ్లు పెంచాలా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రౌండ్లు పెంచొద్దు, ముందు జోరు తగ్గించండి. బ్యాగ్ తిరిగి కొట్టదు, ఎదుటి మనిషి కొడతాడు. ఆ భయంతో ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని చేతులు విసిరేస్తాం. నేర్చుకున్నది గుర్తుకురాకపోవడానికి కారణం అదే.

రౌండుకు ఒక్క పనే పెట్టుకోండి. ఒక రౌండంతా జాబ్ (ముందున్న చేత్తో నేరుగా వేసే పంచ్) మాత్రమే వాడండి. ఇంకో రౌండులో మీరు అసలు కొట్టకుండా, వచ్చే పంచ్‌లను తప్పించుకుంటూ అడుగులు వేయండి. దెబ్బ తగిలినా కళ్లు తెరిచి ఉంచడం, పంచ్ వేస్తూ ఊపిరి వదలడం అలవాటయ్యాకే వేగం పెంచాలి. మీకంటే అనుభవమున్న వారిని ఎంచుకుని, సగం బలంతోనే ఆడమని ముందే అడగండి. అలా అడగడం నామోషీ కానే కాదు. రౌండు ముగిశాక ‘నేనెక్కడ దొరికిపోయాను?’ అని కూడా వారినే అడగండి. అద్దం ముందు గంటసేపు చేసే సాధనలో దొరకనిది ఆ జవాబులో దొరుకుతుంది.

మౌత్‌గార్డ్, 16 ఔన్సుల గ్లవ్స్ వాడండి. హెడ్‌గార్డ్ పెట్టుకోండి గానీ, అది చర్మం చిట్లకుండా కాపాడుతుందే తప్ప మెదడు అదరకుండా ఆపలేదు. తలనొప్పి, మగత, వాంతి, చూపు మసకబారడం వంటివి కనిపిస్తే వెంటనే ఆపేసి డాక్టరును కలవండి. ఆయన సరేననేదాకా రింగ్‌లోకి దిగొద్దు.