పిలిచింది తిట్టడానికి కాదు

రిజిస్ట్రారు ఆఫీసులో ఉద్యోగం చేసినవాడికి సభ అనగానే ఉపన్యాసం గుర్తు రాదు, నోట్‌షీటు గుర్తొస్తుంది. వక్త ఎవరు, హాలు ఏది, కుర్చీలెన్ని, మైకు ఖర్చు ఏ పద్దులో, పోలీసు స్టేషనుకు లెటరు వెళ్లిందా లేదా. పేరు మీద గొడవ ఉన్న మనిషైతే ఆ ఫైలు ప్రతి బల్ల మీదా ఒక రాత్రి నిద్ర చేస్తుంది. విదేశీ నాయకుడైతే విదేశాంగ శాఖ దాకా వెళ్లి రావాలి.

మా మేనకోడలి కూతురు అమెరికాలో చదువుతోంది. వాళ్ల యూనివర్సిటీకి ఒక దేశాధ్యక్షుణ్ణి పిలవాలా వద్దా అని విద్యార్థులు రెండు జట్లయ్యారట. "తాతయ్యా, మీరైతే సంతకం పెడతారా?" అని ఫోన్లో అడిగింది. పెడతానన్నాను. "ఎలాంటివాడైనా?" అంది. అది ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. ఎక్కువగా న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం ముచ్చట్లే చెబుతాను. ఈ పని ఎన్ని రకాలుగా చెయ్యొచ్చో, ఎన్ని రకాలుగా చెడగొట్టొచ్చో రెండూ ఆ ఒక్కచోటే దొరుకుతాయి.

1. తర్జనభర్జనలు ఉత్తరం వెళ్లకముందే

ఇరాన్ అధ్యక్షుడు మహమూద్ అహ్మదీనెజాద్‌ను కొలంబియా మొదట పిలిచింది 2006లో. అక్కడి అంతర్జాతీయ వ్యవహారాల విభాగం డీన్ లీసా ఆండర్సన్ ఆహ్వానం పంపారు. తర్వాత ఏర్పాట్లు కుదరవంటూ విరమించుకున్నారు. మరుసటేడు మళ్లీ పిలిచారు. ఒకసారి వద్దని, ఇంకోసారి రమ్మని అనేసరికి రెండోసారి పిలిచినవాళ్లు ముందుగానే సంజాయిషీ చెప్పుకునే స్థితిలో పడ్డారు.

మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ వార్టన్. 2013 మార్చిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వార్టన్ బిజినెస్ స్కూలు విద్యార్థులు నడిపే ఇండియా ఎకనామిక్ ఫోరంలో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రధాన వక్త. 2005లో అమెరికా ఆయనకు వీసా నిరాకరించింది కనక వీడియోలోనే మాట్లాడాలి. అక్కడి ఆచార్యులు కొందరు అభ్యంతరం చెబుతూ సంతకాలు సేకరించారు. నిర్వాహకులు ఆహ్వానాన్ని వెనక్కి తీసుకున్నారు. దాంతో అదానీ గ్రూపు స్పాన్సర్‌షిప్ మానుకుంది, సురేష్ ప్రభు రానన్నారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని పంచాయితీ పెట్టను. ఒక్కటి మాత్రం చెబుతాను. 2002 గుజరాత్ అల్లర్ల సంగతి ఆయన మొహం మీదే అడగాలనుకున్నవాళ్లకు ఆ రోజు అడిగే చోటే లేకుండా పోయింది. ఆయనకేమో ఓపిగ్గా జవాబు చెప్పుకోవాల్సిన పని తప్పింది.

అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికైనా ఉంది. అందుకని ఉత్తరం పంపకముందే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. పోస్టులో పడ్డాక మాట మార్చడమంటే అవతలి మనిషికి ఖర్చులేకుండా ప్రచారం చేసిపెట్టడమే.

2. హక్కు ఎవరిదో తేల్చుకోవాలి

"వాక్ స్వాతంత్ర్యం ఉంది కాబట్టి రానివ్వాల్సిందే" అని ఒక జట్టు అంటుంది. అది సగమే నిజం. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ కట్టేసేది ప్రభుత్వం చేతుల్ని. కొలంబియా ప్రైవేటు సంస్థ. ఏ దేశాధ్యక్షుడికీ దాని వేదిక మీద హక్కు లేదు. మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం కూడా పౌరులకే.

మరి హక్కు ఎవరిది? వినేవాడిది, అడిగేవాడిది. అతిథి వచ్చేది వాళ్ల కోసం. నేను సంతకం పెట్టిన ప్రతిసారీ మనసులో ఉంచుకున్నది ఇదే. రాజకీయ నాయకులు మాత్రం ఈ తేడా ఒప్పుకోరు. 2007లో న్యూయార్కు నగర కౌన్సిల్ స్పీకరు క్రిస్టీన్ క్విన్ ఆహ్వానం రద్దు చెయ్యమన్నారు. రాష్ట్ర అసెంబ్లీ స్పీకరు షెల్డన్ సిల్వరైతే నిధుల సంగతి ఆలోచించాల్సి వస్తుందన్న ధోరణిలో మాట్లాడారు. మొదటి సవరణ గుర్తు చేసుకోవాల్సింది అక్కడ. గ్రాంటు చూపించి బెదిరించే అలవాటు మన దగ్గరే ఉందనుకునేవాణ్ణి.

3. పిలిచినవాడు తీర్పు చెప్పకూడదు

2007 సెప్టెంబరు 24, సోమవారం. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సమావేశానికి వచ్చిన అహ్మదీనెజాద్ కొలంబియాలోని లెర్నర్ హాలుకొచ్చాడు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లీ బోలింజర్ స్వాగతం పలకాలి. ఆయన ఆషామాషీ మనిషి కాదు. మొదటి సవరణ మీద అమెరికాలో పేరున్న న్యాయ పండితుల్లో ఒకడు, సహనం గురించి 1986లోనే ఒక పుస్తకం రాసినవాడు. అంతటివాడు మైకు ముందు నిలబడి, పక్కన కూర్చున్న అతిథిని సంకుచితుడు, క్రూరుడు అయిన నియంత లక్షణాలన్నీ ఉన్నవాడని మొహానే అన్నాడు. యూదుల ఊచకోత జరగలేదనడం రెచ్చగొట్టడమైనా అయ్యుండాలి, చదువులేనితనమైనా అయ్యుండాలన్నాడు. హాల్లో చప్పట్లు.

అన్న మాటల్లో అబద్ధం లేదు. కొలంబియాలో డాక్టరేట్ చేసిన కియాన్ తాజ్‌బఖ్ష్ ఆ ఏడాది మే నుంచి ఇరాన్ జైల్లో ఉండి అప్పుడే బయటికొచ్చాడు. బోలింజర్ ఆయన పేరు ఎత్తాడు, ఎత్తాల్సిందే. చిక్కల్లా ఆ మాటలు స్వాగతోపన్యాసంలో రావడం. అహ్మదీనెజాద్ లేచి, మా దేశంలో వక్తను పిలిస్తే విద్యార్థుల మీద నమ్మకముంచి తీర్పు వాళ్లకే వదిలేస్తాం, ముందుగా టీకాలు వెయ్యం అన్న అర్థంలో మాట్లాడాడు. దానికీ చప్పట్లు పడ్డాయి! పత్రికలు మూయించి, విద్యార్థుల్ని జైళ్లలో పెట్టే ప్రభుత్వాధినేతకు న్యూయార్కులో మర్యాద పాఠం చెప్పే అవకాశం దొరికింది. దొరికితే వదులుతాడా? తర్వాత ఇరాన్ విశ్వవిద్యాలయాల అధిపతులు కొందరు బోలింజర్‌కు పది ప్రశ్నలతో బహిరంగ లేఖ కూడా రాశారు.

బోలింజర్ ఎందుకలా చేశాడో నాకు అర్థమవుతుంది. అన్ని వైపుల నుంచీ ఒత్తిడి. పత్రికల్లో తిట్లు, గేటు బయట జనం, విరాళాలిచ్చే పెద్దల ఫోన్లు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. "మేం ఇతని మనుషులం కాము" అని వాళ్లకు చెప్పుకోవాలి. అంటే ఆ తిట్లు పక్కనున్న అతిథిని ఉద్దేశించినవే కావు. అలా చెప్పుకోవాల్సి వస్తే ముందు రోజు పత్రికా ప్రకటన ఇవ్వొచ్చు. స్వాగతానికి రెండు నిమిషాలు చాలు: ఈయన ఫలానా, ఎందుకు పిలిచామంటే ఇందుకు, ప్రశ్నలకు ఇంత సమయం ఉంది.

4. ప్రశ్నల చీటీలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త సాగదీస్తాను.

ఆ రోజు అహ్మదీనెజాద్ ప్రసంగం చాలాసేపు శాస్త్రం, జ్ఞానం, దేవుడి వెలుగు అంటూ తిరిగింది. వింటున్నవాళ్లకు కునుకు పట్టే సరుకు. తర్వాత డీన్ జాన్ కోట్స్‌వర్త్ సభికుల ప్రశ్నలు చదివాడు. ఇజ్రాయెల్ నాశనాన్ని కోరుకుంటున్నారా, అవునా కాదా అన్నది మొదటిది. ఆయన పాలస్తీనా వైపు తిప్పాడు. కోట్స్‌వర్త్ వదల్లేదు, అవునో కాదో చెప్పమన్నాడు. మళ్లీ తిప్పాడు. అలా ఎగవేయడం ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత స్వలింగ సంపర్కులకు వేసే మరణశిక్షల మీద ప్రశ్న వచ్చింది. మీ దేశంలో ఉన్నట్టుగా మా ఇరాన్‌లో అలాంటివాళ్లు లేరన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది, వెంటనే ఈలలు, అరుపులు. మర్నాడు ఎక్కడ చూసినా ఆ ఒక్క మాటే. బోలింజర్ అంత కష్టపడి రాసుకొచ్చిన ఉపన్యాసం చెయ్యలేని పని ఒక్క ప్రశ్న చేసింది. తన గురించి తనే చెప్పుకున్నాడు కాబట్టి ఎవరి మీదా నెపం వెయ్యడానికి లేకపోయింది.

మా దగ్గరికి ఒకసారి ఒక రాయబారి వచ్చాడు. ఏ దేశమో అప్రస్తుతం. వాళ్ల ఎంబసీ కార్యదర్శి ముందు రోజే వచ్చి కాఫీ తాగుతూ, ప్రశ్నలు ముందుగా ఒకసారి చూడొచ్చా అని మెత్తగా అడిగాడు. అసలు ఇంకా ఎవరూ రాయలేదు, రేపు హాల్లోనే రాస్తారన్నాను. మర్నాడు తెల్ల కాగితాలు నాలుగు మడతలుగా చించి పిల్లలకు పంచాం. రాసినవన్నీ మా అటెండరు స్టీలు పళ్లెంలో వేసుకుని వేదిక మెట్ల దగ్గర నిలబడ్డాడు. కార్యదర్శి లేచొచ్చి, సర్దుతున్నట్టుగా పళ్లెంలో చెయ్యి పెట్టి రెండు చీటీలు పైకి తీశాడు. అటెండరు ఏమీ అనలేదు. పళ్లెం ఎడమ చేతిలోకి మార్చుకుని కుడి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి దించలేదు. కార్యదర్శి నవ్వి ఆ రెండూ తిరిగి ఇచ్చేశాడు. అవే ఆ రోజు అన్నిటికన్నా గట్టి ప్రశ్నలు. ఒకటి వాళ్ల దేశంలో జైల్లో ఉన్న పాత్రికేయుల గురించి. రాయబారి జవాబు చెప్పలేదు, నీళ్లు తాగాడు. ఆ గ్లాసు మా విద్యార్థులకు చాలాకాలం గుర్తుంది.

మా మనవరాలికి చెప్పేదీ ఇదే. మొత్తం సమయంలో సగం ప్రశ్నలకు ఉండాలి, ఆ మాట ఆహ్వానంలోనే రాయాలి. ఒప్పుకోకపోతే రావద్దు. చీటీలు చదివేది అతిథికి గానీ వీసీకి గానీ మొహమాటపడని అధ్యాపకుడై ఉండాలి. జవాబు తప్పించుకుంటే అదే ప్రశ్న ఇంకోసారి అడిగే వీలుండాలి. అనువాదకుడు అతిథి తెచ్చుకున్నవాడొక్కడే ఉంటే చాలదు, మనవాడు ఒకడు పక్కన వింటూ ఉండాలి. మాట జారితే "అనువాదంలో పొరపాటు" అని తప్పుకోవడం పెద్దవాళ్లకు బాగా అలవాటు.

5. గేటు బయటివాళ్లు

అరవనివ్వాలి. ప్లకార్డులు పట్టుకోనివ్వాలి. హాలుకు కనిపించేంత దగ్గరలో నిలబడనివ్వాలి. వేదిక ఎక్కడం మాత్రం వేరు. 2006 అక్టోబరులో అదే కొలంబియాలో, వలసలను వ్యతిరేకించే మినిట్‌మెన్ నాయకుడు జిమ్ గిల్‌క్రిస్ట్ మాట్లాడుతుంటే విద్యార్థులు వేదిక మీదికి దూసుకెళ్లారు. సభ ఆగిపోయింది. అడగాల్సిన ప్రశ్న అడగకుండానే అందరూ ఇళ్లకు వెళ్లారు.

మన హైదరాబాదు సంగతీ చెప్పుకోవాలి. 2006 మార్చి 3న జార్జ్ బుష్ వచ్చినప్పుడు రాజేంద్రనగర్‌లోని ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కీ వెళ్లాడు. ఒకచోట మహిళా రైతులతో, ఇంకోచోట యువ వ్యాపారులతో ముచ్చటించాడు. ఇరాక్ యుద్ధం మీద కోపం మాత్రం వీధుల్లో ఉండిపోయింది. వామపక్షాలు, ముస్లిం సంఘాలు నిరసన తెలిపాయి. రెండూ రెండు క్యాంపస్‌లే అయినా, భద్రత పేరుతో జనాన్ని అంత దూరం పెట్టాక అవి అతిథి గృహాలకు మించి ఏమీ కాలేదు. వ్యవసాయ విద్యార్థికి యుద్ధంతో పనేమిటని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

6. ఖర్చు, కుర్చీలు

చిన్న సంగతే గానీ ఫైలు ఇక్కడే ఆగుతుంది. 2006 సెప్టెంబరులో ఇరాన్ మాజీ అధ్యక్షుడు ఖాతమీ హార్వర్డ్‌కు వస్తే, మసాచుసెట్స్ గవర్నరు మిట్ రామ్నీ రాష్ట్ర పోలీసుల సాయం ఇవ్వనన్నాడు. సభ జరిగింది. 1959 ఏప్రిల్‌లో ఫిడెల్ కాస్ట్రో అదే హార్వర్డ్‌కు వచ్చినప్పుడు ఆటల మైదానంలోనే మీటింగ్ పెట్టి వేలాది మందిని కూర్చోబెట్టారు. పెద్ద పేరొస్తే చిన్న హాలు ఇచ్చి, జనాన్ని వడపోయడం తెలివి అనుకునే అధికారులు ఈ ముక్క చదవాలి.

7. మర్యాద ఎవరికి, శిక్ష ఎవరికి

వాదనకు సిద్ధపడితే హిట్లర్‌నైనా పిలుస్తామని కోట్స్‌వర్త్ 2007లో టీవీలో అన్నాడు. గగ్గోలైంది. అసలు ముచ్చట ఏమిటంటే కొలంబియా ఆ పని సగం ఎప్పుడో చేసేసింది. 1933 డిసెంబరులో, నికొలస్ ముర్రే బట్లర్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, హిట్లర్ ప్రభుత్వపు రాయబారి హన్స్ లూథర్ అక్కడ ప్రసంగించాడు. విద్యార్థులు వద్దన్నారు. బట్లర్ మర్యాదలో లోపం రానివ్వలేదు. 1936లో నాజీల చేతిలో ఉన్న హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం 550 ఏళ్ల ఉత్సవానికి కొలంబియా ప్రతినిధిని పంపబోతుంటే, బట్లర్ ఇంటి ముందు ప్రదర్శన నడిపిన రాబర్ట్ బర్క్ అనే విద్యార్థిని బహిష్కరించారు.

బోలింజర్ అతిథిని తిట్టాడు, బట్లర్ తన విద్యార్థిని గెంటేశాడు. రెంటిలో ఏది ఘోరమని అడిగితే క్షణం ఆలోచించను. పరాయి నాయకుడు సాయంత్రానికి విమానం ఎక్కుతాడు. మన పిల్లవాడి చదువు మన చేతుల్లో ఉంటుంది.

కొలత కూడా ఒక్కటే ఉండాలి. 2005లో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్, 2007లో అహ్మదీనెజాద్ వచ్చిన రోజుల్లోనే తుర్క్‌మెనిస్తాన్ అధ్యక్షుడు బెర్దిముహమెదోవ్ కొలంబియా వేదికెక్కారు. ఒకరు సైనిక తిరుగుబాటుతో వచ్చినవాడు, ఇంకొకరి దేశంలో ప్రతిపక్షమే లేదు. వాళ్లకు అంత ఘాటు స్వాగతం దక్కలేదు. శత్రు దేశపు నియంతకు ఒక స్వాగతం, స్నేహ దేశపు నియంతకు ఇంకొకటి అంటే విద్యార్థి ఇట్టే కనిపెడతాడు.

8. అతిథి ఇంట్లోని పిల్లలు

2006 డిసెంబరులో టెహ్రాన్‌లోని అమీర్‌కబీర్ విశ్వవిద్యాలయానికి అహ్మదీనెజాద్ వెళ్తే విద్యార్థులు మొహం మీదే నినాదాలిచ్చారు, ఆయన బొమ్మ తగలబెట్టారు. కొలంబియా నుంచి తిరిగెళ్లాక, 2007 అక్టోబరు 8న టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడాడు. నియంత నశించాలని అక్కడి విద్యార్థులు అరిచారు. న్యూయార్కులో విద్యార్థుల ప్రశ్నలు విన్నాడు కదా, మా ప్రశ్నలు వినడేం అన్నారు. కొలంబియాలో చదివిన ప్రతి చీటీ టెహ్రాన్‌లో ఆ పిల్లల చేతికి ఒక ఆధారమైంది. మేనకోడలి కూతురికి ఈ కథ చెబితే, "అయితే మేం పిలవబోయే ఆయన దేశంలోని విద్యార్థుల నుంచే ప్రశ్నలు తెప్పించుకుంటాం తాతయ్యా, పేర్లు లేకుండా" అంది. నా సర్వీసులో ఎవరికీ తట్టని ఆలోచన అది. ఆ నోట్‌షీటు ఎలా రాయాలో నేను ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తున్నాను.