ఆదిబట్లలో ఉద్యోగం, తుర్కయాంజాల్‌లో ఇల్లు?

ప్రశ్న: ఆదిబట్ల విమాన విడిభాగాల పరిశ్రమలో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే నడక, సైకిల్ నాకు ప్రాణం. తుర్కయాంజాల్‌కు మారనా?

జవాబు: మారండి, కానీ ముందు అద్దెకే. ఆదిబట్ల దగ్గర్లోనే ఉంది. అక్కడ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. కాబట్టి మీ రంగంలో ఇంకో అవకాశం దొరకవచ్చు. అదే రేపు గచ్చిబౌలిలో ఉద్యోగం వస్తే ప్రయాణం భారమే. హైదరాబాద్ మెట్రో ఎల్‌బీ నగర్‌తోనే ఆగిపోతుంది.

నడకకు మాసబ్ చెరువు వైపు, ఆదివారాలు ఇబ్రహీంపట్నం చెరువు గట్టు, వనస్థలిపురం హరిణ వనస్థలి. నాగార్జునసాగర్ రోడ్డు మీద మాత్రం సైకిల్ వద్దు, లారీల రద్దీ ఎక్కువ. ఒక వానాకాలం చూశాకే ప్లాటు మాట. అది చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం), బఫర్ పరిధిలో లేదని ఇరిగేషన్ శాఖ మ్యాపులో సరిచూసుకున్నాకే బయానా ఇవ్వండి.