యుద్ధాజ్ఞ నిచ్చినవారి ఋణము



సైనికుని కర్తవ్యమును గూర్చి మనము తరచుగా వినుచుందుము. ఆజ్ఞను శిరసావహింపవలెననియు, ప్రాణభయమున వెన్ను చూపరాదనియు పెద్దలు బోధింతురు. అది సత్యమే. కాని ఆ యాజ్ఞ నిచ్చువాని కర్తవ్యమేమి? ఈ ప్రశ్న నడుగువారు తక్కువ. పొరుగువాని యొద్ద పావలా అప్పు పుచ్చుకొన్నవాడే దానికి లెక్క చెప్పవలసియుండగా, పరుల బిడ్డల ప్రాణములను చేత బట్టుకొన్నవాడు లెక్క చెప్పనక్కరలేదా?

మహాభారతమున సభాపర్వమునందు నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి, కుశలమడుగు నెపమున రాజధర్మములను పెక్కింటిని ప్రశ్నించును. వానిలో సేనకు సంబంధించినవి మూడు ముఖ్యములు. తన బలమును పగవాని బలమును తూచి చూచిన పిమ్మటనే దండు వెడలుచున్నావా యనునది మొదటిది. భటులకు కూడును జీతమును కాలము తప్పక ముట్టుచున్నవా యనునది రెండవది. రాజు కొరకు ప్రాణములు విడిచినవారి కుటుంబములు పోషింపబడుచున్నవా యనునది మూడవది. ఈ ప్రశ్నలు సింహాసనముపై కూర్చున్నవానికి వేయబడినవి గాని బల్లెము పట్టినవానికి గాదు. ప్రజలే ప్రభువులైన యీ కాలమున వానికి నాల్గవ ప్రశ్నను చేర్పవలెను: జరిగిన సంగతిని దాచక చెప్పుచున్నారా?

ఈ నాలుగు ప్రశ్నలతో మన ప్రాంతపు చరిత్రను పరీక్షింతము.

మన మంచాలయు ఇబ్రహీంపట్నమును 1948వ సంవత్సరము వరకు నైజాము రాజ్యములోనివి. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆంగ్ల ప్రభుత్వమునకు సాయముగా తన అశ్వికదళమును ఈజిప్టునకు పంపెను. ఆ రౌతులు మైసూరు రౌతులతో నొకే బ్రిగేడుగా కూడి సూయెజు కాలువను కాచిరి. పిమ్మట జోధపూరు రౌతులును కలియగా పాలస్తీనాలో తుర్కీ సేనలతో పోరాడిరి. తమకేమియు కీడు చేయని దేశముతో నేల పోరవలెనో వారి నడిగినవారు లేరు. 1922లో వారి స్మారకముగా ఢిల్లీలో మూడు రౌతు విగ్రహములను నిలిపిరి. తీన్‌మూర్తి యను పేరు దానివలన వచ్చినదే. విగ్రహము ఋణములో నొక భాగమును తీర్చును, అంతయు తీర్పజాలదు.

అటుపిమ్మటి పరీక్ష 1948లో వచ్చెను. భారతదేశము స్వతంత్రమైన పిదప నైజాము అందులో చేరక, 1947 నవంబరు 29న ఒక యేడాది కొరకు యథాతథపు ఒడంబడిక చేసికొనెను. ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ సభలలో వీరావేశముతో ప్రసంగించుచుండెను. రజాకార్లు గ్రామములపై బడి దోచిరి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ననేకులను చంపిరి.

ఇక నారదుని మొదటి ప్రశ్నను వేయుడు. ఆ రాజ్యమునకు నాలుగు దిక్కులను భారతభూమియే. ఓడరేవు లేదు, యుద్ధవిమానములు లేవు. ఆయుధములను సిడ్నీ కాటన్ అను విదేశీయుడు కరాచీనుండి విమానములలో రాత్రివేళ రహస్యముగా తెచ్చుచుండెను. రజాకార్లలో పలువురకు మందు కూరి కాల్చు నాటుతుపాకులే గతి. ఇట్టి బలముతో ట్యాంకులును విమానములును గల సేన నెదుర్కొనుడని యువకులను పురికొల్పుట శౌర్యము గాదు. పరుల ప్రాణములతో జూదమాడుట.

సెప్టెంబరు 13న భారతసేన షోలాపురమునుండి పడమటగాను, బెజవాడ నుండి తూర్పుగాను ప్రవేశించెను. తూర్పు దండు మనకు ఉత్తరమునగల బెజవాడ బాటన సూర్యాపేట మీదుగా సాగివచ్చెను. 17వ తేదీన నైజాము పోరు నిలుపుమనెను. 18న సేనాపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌదురికి లొంగిపోయెను. ఐదు దినములలో నంతయు ముగిసెను.

పిమ్మట నాయకుల గతి యేమి? నైజాము 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడుగా నుండెను. లాయక్ అలీ 1950లో గృహనిర్బంధము తప్పించుకొని పాకిస్థాను చేరెను. రజ్వీ కొన్నియేండ్లు చెరసాలలో నుండి, 1957లో విడుదలయి అచ్చటికే పోయెను. సైన్యము మాత్రము రద్దు కాగా, సిపాయిలనేకులు బ్రదుకుతెరువు కోల్పోయిరి. చచ్చినవారి సంఖ్యయైనను గ్రంథమున కొక తీరుగా నున్నది. నాయకుల పేళ్లు చరిత్రలో నిలిచినవి. భటుల లెక్కయే తేలలేదు. పిదప జరిగిన ప్రతీకారములలో నిరపరాధులైన ముస్లిములు వేలకొలది చంపబడిరి. విచారించిన సుందరలాల్ సంఘము ఆ సంఖ్యను కనీసము 27,000 నుండి 40,000 వరకు అంచనా కట్టెను. ఆ నివేదికను ప్రభుత్వము చిరకాలము ప్రకటింపలేదు. కావున నాల్గవ ప్రశ్నకు ఓడినవారే గాక గెలిచినవారును ఉత్తరము చెప్పవలసియున్నది.

మన కాలపు దృష్టాంతము నొకటి చూతము. ఆ సూర్యాపేటకే చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో వీరమరణము నొందెను. మొత్తము ఇరువది మంది భారతసైనికులు మడిసిరి. తెలంగాణ ప్రభుత్వము ఆయన కుటుంబమునకు 5 కోట్ల రూపాయలును, ఇంటిస్థలమును, భార్యకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును ఇచ్చెను. తక్కిన పందొమ్మిదిమంది కుటుంబములకు పదేసి లక్షలు ప్రకటించెను. ఇది నారదుని మూడవ ప్రశ్నకు తగిన యుత్తరమే. మన సైనికు లేల తుపాకులు పేల్చలేదని దేశమున పలువురడిగిరి. సరిహద్దున వానిని వాడరాదను పూర్వపు ఒడంబడికలు కారణమని విదేశాంగమంత్రి చెప్పెను. అడుగుట ప్రజల హక్కు, చెప్పుట పాలకుల విధి. చైనా ప్రభుత్వము తన మృతులు నలుగురని ఒప్పుకొనుటకు ఎనిమిది మాసములు పట్టినది. అంతకాలము ఆ నలుగురి త్యాగమును వారి దేశమే బహిరంగముగా తలంపలేదు.

బాలబాలికలారా, సైనికుని పొగడుట సులభము. సైనికుని పొగడి, అతనిని పంపినవారి నేమియు నడుగకుండుట సగము భక్తి. 1949 నుండి ఏటేట డిసెంబరు 7న సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు మీరిచ్చు కాసు మాజీ సైనికులకును, మృతవీరుల కుటుంబములకును చేరును, తప్పక ఇండు. అయితే మీరు పెద్దవారై ఓటు వేయునాడు, యుద్ధమును గూర్చి గర్జించు నాయకుని ఈ నాలుగు ప్రశ్నలును అడుగుడు. ఉత్తరమీయలేనివాని చేతికి మన ఊరి బిడ్డల ప్రాణముల నప్పగింపకుడు.

అభ్యాసము
1. నారదుని మూడు ప్రశ్నలను మీ మాటలలో వ్రాయుడు.
2. 1948లో హైదరాబాదు పాలకులు మొదటి ప్రశ్నను ముందుగా ఆలోచించియున్నచో నేమి జరిగియుండును?
3. మీ యూరిలో మాజీ సైనికులున్నచో వారిని దర్శించి, వారి యనుభవములను విని వ్రాసికొని రండు.