సెల్‌ఫోను సంపాదన: లంబాడిపల్లి లెక్క

సెల్‌ఫోను ధనమిచ్చునని విద్యార్థులు తరచు అనుచుందురు. ఇచ్చునది ఫోను కాదు, ప్రకటనదారుడు.

నేటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ అను యూట్యూబ్ ఛానెల్‌ను ప్రారంభించిరి. వ్యవసాయ కూలీయైన గంగవ్వగారు అందు నటించి, 2020లో బిగ్‌బాస్ వేదిక వరకు వెళ్ళిరి.

నిడివిగల వీడియోలపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 రూపాయలు నిర్మాతకు, 45 యూట్యూబ్‌కు చెందును. యాప్‌ల లెక్క వేరు. ఏటా తొలి పదిలక్షల డాలర్ల అమ్మకముపై తన వంతును గూగుల్ 2021 జూలైలో 30 నుండి 15 శాతమునకు తగ్గించెను. పెంచినను తగ్గించినను నిర్ణయము కంపెనీదే. కోరుట్ల, సిరిసిల్లలలో బీడీలు చుట్టు తల్లుల బిడ్డలకు ఇది క్రొత్త సంగతి కాదు.

పైగా, నిడివిగల వీడియోలతో ఈ వాటాకు అర్హత పొందుటకు 1000 మంది చందాదారులు, పండ్రెండు నెలలలో 4000 గంటల వీక్షణ కావలయును. అంతవరకు ప్రకటనల పైకము రాదు. కనుక దానిని నమ్మి పరీక్ష ఫీజు గడువు దాటనీయకుడు.